ఉక్కు మాస్టారి బీపీ

బస్సులో ఆమె గొంతు వినబడితే చాలు, టికెట్ తీసుకోనివాళ్ళకి గుండె జారేది. కండక్టరు పనిలో ఏళ్ళు గడిచేసరికి అసలు పేరు మరుగునపడి, డిపోలోనూ వీధిలోనూ అందరికీ టికెట్టక్క అయిపోయింది. దొంగ ప్రయాణికుణ్ణి పట్టుకోవడానికి ఆమె కేకలు వేయదు. ఎక్కడెక్కారు, పక్కన ఎవరు కూర్చున్నారు, చిల్లర ఎవరిచ్చారు అని చల్లగా అడుగుతూ పోతుంది. అవతలివాడు తన మాటకి తానే అడ్డం తగిలి, తల దించుకుని దిగిపోతాడు.

అలాంటి మనిషి నడివయసులో జిమ్ ట్రైనర్ కోర్సులో చేరితే డిపో అంతా నవ్వింది. "ఏంటక్కా, బస్సుని భుజానేసుకుని మోసేద్దామనా?" అని డ్రైవరు ఆటపట్టించాడు. ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది. చేరింది కండల కోసం కాదు, ఒక మనిషి కోసమని ఎవరికీ చెప్పలేదు.

ఆ మనిషి ఉక్కు మాస్టారు. కింద జిమ్‌కి అతనే పెద్ద దిక్కు, మేడ మీద కోర్సుకి అతనే గురువు.

టికెట్టక్క చెల్లెల్ని ఇంట్లో చిన్నది అంటారు. బడికి వెళ్ళే వయసు నుంచే దానికి షుగరు, రోజూ ఇన్సులిన్ సూది. అయినా హుషారుకి లోటు లేదు. వ్యాయామం మంచిదని డాక్టరు చెబితే ఆ జిమ్‌లోనే చేరింది. ఒకరోజు ట్రెడ్‌మిల్ మీద చెమటలు కారి, చేతులు వణికి, సంచీలోంచి చాక్లెట్ తీసి నోట్లో పెట్టుకోబోయింది. ఉక్కు మాస్టారు లాక్కున్నాడు. మళ్ళీ మెషీన్ ఎక్కించాడు. పడిపోతే నాటకమన్నాడు. మొహాన నీళ్ళు చల్లి, మూల చాప మీద పడుకోబెట్టి, తన పని తాను చూసుకున్నాడు. ఆస్పత్రికి చేర్చేసరికి మెదడుకి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఇప్పుడు చిన్నదానికి కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య పక్కవాళ్ళు వెళ్ళి మంచినీళ్ళు తాగి రావచ్చు. ఈ సంగతంతా అది నెలల తరబడి ముక్కలు ముక్కలుగా చెబితే అక్క కూడగట్టుకుంది. "షుగరుందని ఆ అమ్మాయి మాకు చెప్పనేలేదు" అని జిమ్ వాళ్ళు ఒకటే పాట పాడారు. ఫిర్యాదు గాల్లో కలిసిపోయింది.

కోర్సులో రోగాల పాఠం చెప్పేది ఒక రిటైరైన నర్సమ్మ. మొదటిరోజే ఆవిడ బల్ల మీద చరిచి అంది: "సూది వేసుకునేవాళ్ళకి చెమట పట్టిందా, చెయ్యి వణికిందా, మాట తడబడిందా? ముందు నోట్లో తీపి పెట్టండి, ప్రశ్నలు తర్వాత. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏదీ పెట్టకండి, ఆస్పత్రికి పరిగెత్తండి." టికెట్టక్క పళ్ళు బిగించి కూర్చుంది. ఇంత చిన్న మాట! ఈ మాట తెలియకా దాన్ని అలా చేశాడు?

ఇంకోరోజు బీపీ గురించి చెప్పింది నర్సమ్మ. ఏ నొప్పీ లేకుండానే లోపల్లోపల తినేస్తుందట. ఊపిరి బిగబట్టి బరువులెత్తితే ఒక్కసారిగా ఎగబాకి తలలో నరం చిట్లిపోవచ్చట. మందులు సొంతంగా మానేయడమంటే చావుని పిలిచి పీట వేయడమేనట. వింటూ వింటూ టికెట్టక్క కిటికీలోంచి కిందికి చూసింది. ఉక్కు మాస్టారు బరువు దించి, మెడ వెనక రుద్దుకుంటూ గోడకి ఆనుకున్నాడు. మొహం కందగడ్డలా ఉంది. బీపీ బిళ్ళలు మానేశానని అతనే గొప్పగా చెప్పుకోవడం ఆమె విన్నది కూడాను. "ఆ బిళ్ళలు మింగితే ఒళ్ళు మెత్తబడిపోద్ది" అనేవాడు.

ఆరోజు నుంచి ఆమెకి కొత్త ఆశ పుట్టింది. నర్సమ్మకి చెప్పలేదు. అతన్ని హెచ్చరించనూ లేదు. పైపెచ్చు అతను బరువెత్తుతుంటే ఎదురుగా నిలబడి, "ఇంకొంచెం వేసుకోండి మాస్టారూ, మీకిదో లెక్కా!" అని ఎగదోసేది. అతను ఉబ్బిపోయేవాడు. ఆమె ఇంటికెళ్ళి హాయిగా అన్నం తినేది.

కోర్సు ముగింపు రోజున ఉక్కు మాస్టారు తన జీవితంలోకెల్లా పెద్ద బరువు ఎత్తుతానని ప్రకటించాడు. కింద జిమ్ హాలు నిండిపోయింది. ముందు విద్యార్థుల పరీక్ష. టికెట్టక్క వంతు రాగానే, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి, "బరువెత్తబోయే మీ మాస్టారికే బీపీ చూసి చెప్పమ్మా" అన్నాడు.

ఆమె పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, విన్నది. పై అంకె నూట తొంభై.

అంతా బాగుందని ఒక్క మాట అంటే చాలు. మిగతాది బరువే చూసుకుంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆమె కళ్ళకి కట్టింది తర్వాత జరగబోయేది. ఇతను పడిపోతాడు. జనం ఘొల్లుమంటారు. ఈ గోడకే ఇతని ఫొటో పెట్టి, బరువెత్తుతూ ప్రాణం విడిచిన వీరుడంటారు. ఎందుకు పోయాడో ఇతనికే తెలియకుండా పోతాడు. అంత సుఖంగానా? ఆమె ఒళ్ళు భగ్గుమంది.

"పైది నూట తొంభై, కిందిది నూట పన్నెండు!" బస్సు చివరి సీటుకి వినిపించే గొంతుతో చెప్పింది. "ఈయన బరువెత్తకూడదు."

"మిషన్ పాడైపోయుంటుంది," అని నవ్వాడు ఉక్కు మాస్టారు. నర్సమ్మ వచ్చి మళ్ళీ చూసింది. అదే లెక్క. పరీక్షాధికారి అతన్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు.

"ఇంకో ప్రశ్న, మాస్టారూ," అంది టికెట్టక్క చల్లగా. "ఇక్కడ ట్రెడ్‌మిల్ మీద ఒకమ్మాయి పడిపోయింది కదా. గుర్తుందా?"

"ఏ అమ్మాయి?"

నిజంగానే గుర్తు లేదతనికి! అయినా ఆమె గొంతు మారనివ్వలేదు. "చాప మీద పడుకోబెట్టారే, ఆ అమ్మాయి."

"ఓ, అదా. పొద్దున్నేం తినకుండా వచ్చిందేమో. నాకేం చెప్పలేదు."

"పడిపోయే ముందు చేతిలో ఏదో ఉందట?"

"చాక్లెట్. నేనే లాగేశాను."

"ఇక్కడ అందరూ తింటారుగా, మాస్టారూ. దాని చేతిలోదే ఎందుకు లాగారు?"

"షుగరుందని అదే చెప్పిందిగా! షుగరున్నదానికి చాక్లెట్ ఏంటని..."

అక్కడ ఆగిపోయాడు.

"దాని అక్కని నేను," అంది టికెట్టక్క.

పరీక్షాధికారి అక్కడికక్కడే రాతపూర్వకంగా వాంగ్మూలం తీసుకున్నాడు. ఉక్కు మాస్టారి సర్టిఫికెట్ రద్దయింది. ఏ జిమ్మూ గడప తొక్కనివ్వలేదు. మూసేసిన ఫిర్యాదు మళ్ళీ తెరిచారు. అతను మాత్రం నర్సమ్మ తిట్లు పడలేక బిళ్ళలు వేసుకుంటూ బతికి బట్టకట్టాడు. అతని ప్రాణం కాపాడానని టికెట్టక్కని ఎవరైనా మెచ్చుకుంటే, ఆమె మొహం చేదు తిన్నట్టు పెట్టేది.

కొన్నాళ్ళకి అతను పళ్ళు పట్టుకుని వాళ్ళింటికొచ్చాడు. క్షమించమని చెప్పుకోవాలన్నాడు. చిన్నదాని ఎదురుగా కుర్చీ వేసింది అక్క. కనీసం మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

చిన్నది అతని వైపు తల తిప్పింది. "నేను... చెప్పాను..." అంది.

"అవునమ్మా, చెప్పావు. నాదే తప్..."

"ఆగండి," అంది టికెట్టక్క. "అది ఇంకా మాట్లాడుతోంది."

అతను ఆగాడు. ఒక్కొక్క మాట కోసం కాచుకుని కూర్చున్నాడు. చాప ఎంత చల్లగా ఉందో, చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు వినబడుతున్నా నోరు ఎలా పెగల్లేదో అది చెబుతూ పోయింది. కథ సగానికి కూడా రాకముందే అలసిపోయి కళ్ళు మూసుకుంది. అతను చెమట తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోయాడు.

"పీడ విరగడైంది," అని తలుపు వేయబోయింది అక్క.

చిన్నది ఎడమచెయ్యి ఎత్తి ఆపింది. "అక్కా... మళ్ళీ... రమ్మను."

"ఎందుకే?"

"ఇంకా... చాలా... ఉంది."

టికెట్టక్క చెప్పులు వేసుకుని, అతను మలుపు తిరిగేలోపే అందుకోవాలని వీధిలోకి పరిగెత్తింది.