నాగూరమ్మ పలకని నాలుగు పేజీలు

2023 వేసవిలో, సముద్రంలో వేట నిషేధం ఉన్న రోజుల్లో, అల్లూరు దగ్గరి ఒక మత్స్యకారుల పాలెంలో నాటకం ఆడించాను. దాని వెనక ఒక అవమానం ఉంది. అంతకు ముందు ఏడాది ఒక సినిమాకు సంభాషణలు రాశాను. వేటకు బయలుదేరిన భర్తను భార్య ఒడ్డున ఆపి సాగనంపే సీన్ నాలుగు పేజీలు వచ్చింది. దర్శకుడు దాన్ని వన్ లైన్ ఆర్డర్ నుంచే తీసేశాడు. సినిమాలోని సీన్లన్నిటినీ ఒక్కో వాక్యంలో వరుసగా రాసుకునే పట్టికను అలా అంటారు. నా నాలుగు పేజీలకు అందులో ఒక్క వాక్యం చోటు కూడా దక్కలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

అందుకే ఆ సీన్ చుట్టూ గంట నాటకం అల్లాను. కవిత్వం కూడా రాసేవాణ్ణి కనుక ఆఖరి పేజీని వచన కవితగా మార్చాను. పాలెం పెద్దకాపు, అంటే అక్కడి ఊరిపెద్ద, వెంటనే ఒప్పుకున్నాడు.

"పడవలెట్టాగూ ఒడ్డునే ఉండాయి. మావోళ్ళు పేకాట మానుకొని నాటకం ఆడితే మంచిదే గదా!"

నా రచనకు పోటీ పేకాట. అదీ గుర్తుపెట్టుకున్నాను.

భార్య వేషానికి చేపలమ్మే నాగూరమ్మ, భర్త వేషానికి పడవ నడిపే పోలయ్య దొరికారు. బయట కూడా వాళ్ళు భార్యాభర్తలే. నాగూరమ్మకు చదువు రాదు. ఎవరైనా చదివితే రెండుసార్లు విని మొత్తం అప్పజెప్పేది. కూర్చుని చదువుకునే రీడింగ్ రోజుల్లో ఆ ఒడ్డు సీన్ వచ్చినప్పుడల్లా మాత్రం "ఇది తర్వాత చూద్దాం సార్" అని దాటేసింది. ఆ మాటలు ఇంకా నోటికి రాలేదేమో అనుకున్నాను.

బ్లాకింగ్ రోజు వచ్చింది. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు నడవాలో చూసుకునే రోజు. పోలయ్య అట్టపడవ వైపు నడిచాడు. నాగూరమ్మ వెనక నుంచి పరుగెత్తుకొచ్చి "ఒక్క మాట విని పో మావా" అనాలి. కదల్లేదు.

"ఏమ్మా, మాట మర్చిపోయావా?"

"మర్చిపోలా. అంతా వచ్చు. అనను."

"ఎందుకని?"

"వేటకి పొయ్యేటోణ్ణి ఎనకనించి పిలవం సార్. పొయ్యేటప్పుడు ఒడ్డుకే రాం. పడవ తిరిగొచ్చేటప్పుడే గంపెత్తుకొని వస్తాం."

"ఇది నాటకం తల్లీ. ఆ పడవ అట్టది."

"పడవ అట్టదే. మావ గూడా అట్టతో చేసిన మనిషా?"

అందరూ నవ్వారు. పోలయ్య నవ్వలేదు. "పిలిస్తే నేను ఆగిపోతా సార్. ఆ పూటకి వేట మానేసినట్టే. ఇంక మీ నాటకం ముందుకెట్టా పోద్ది?"

నేను మొండికేశాను. ఆ సీన్ లేకపోతే నాటకమే లేదన్నాను. "అట్టయితే ఇంకొకామెను చూసుకోండి," అని ఆమె కొంగు దోపుకొని వెళ్ళిపోయింది. ఇంకో ముగ్గురిని అడిగాను. ముగ్గురూ అదే మాట. ప్రదర్శనకు రెండు రోజులే ఉన్నాయి. ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాట్లాడటం లేదని ఎవరూ గమనించనూ లేదు.

మర్నాడు పొద్దున నాగూరమ్మ ఇంటికి వెళ్ళాను. "నిజంగా వేటకి పోయేటప్పుడు నువ్వేం చేస్తావమ్మా?"

"క్యారేజీ చేతికిస్తా. గడప దాటినాక అటు చూడను. ఏదో ఒక పని పెట్టుకుంటా."

"ఏం పని?"

"ఏది దొరికితే అది. ఒక్కోసారి కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతా." చెప్పి, సిగ్గుపడినట్టు నవ్వింది.

అక్కడే, వాళ్ళ అరుగు మీద కూర్చుని నాలుగు పేజీలూ కొట్టేశాను. కవిత కూడా పోయింది. దర్శకుడు చేసిందీ ఇదేగా అని మిత్రులు నన్ను ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. ఇదెలా అవుతుంది? ఆయన ఆ సీన్‌ను లేకుండా చేశాడు. నాగూరమ్మ నాకు సీన్ ఇచ్చింది.

ప్రదర్శన సాయంత్రం నాగూరమ్మ క్యారేజీ ఇచ్చింది. పోలయ్య వెనక్కి చూడకుండా వెళ్ళాడు. ఆమె కూర్చుని తళతళలాడే గిన్నెను తీసి కడగడం మొదలుపెట్టింది. కడిగింది, బోర్లించింది, మళ్ళీ అదే గిన్నె తీసింది. మగవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. ఆడవాళ్ళు మాత్రం ఆ గిన్నె మీంచి చూపు తిప్పలేదు. చివరికి ఒక ముసలామె అరిచింది: "గిన్నె అరిగిపోద్ది, ఇంక లెయ్యే!"

ఆడవాళ్ళంతా నవ్వుతూ కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు.

ఆఖర్లో పెద్దకాపు అందరికీ పేరుపేరునా దండాలు చెప్పి, నా వంతు వచ్చేసరికి "ఈ రాసినాయన" అన్నాడు. అదీ మర్చిపోలేదు. కానీ ఆ సాయంత్రం ఎవరి మీదా ఫిర్యాదు చేయబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఏ పని చేసుకునేవాళ్ళ గురించి రాయవలసి వచ్చినా, వాళ్ళు ఎక్కడ నోరు మెదపరో ముందుగా అడుగుతాను. ఆ కాసేపూ వాళ్ళ చేతులు ఏం చేస్తాయో రాసుకుంటాను.