గాలి మాట వినని తూటా

తుపాకుల గురించి నాకేం తెలుసు? మా ఊరి చేలల్లో అడవి పందులను బెదిరించే నాటు తుపాకీ చప్పుడు దూరం నుంచి విన్నానంతే. అలాంటివాణ్ని ఇప్పుడు తూటాల బరువు గురించి మాట్లాడుతున్నానంటే, అదంతా పెద్ద బాబా పెట్టిన భిక్ష.

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది. సౌదీలోని జుబైల్‌లో రిఫైనరీ ఆపి చేసే మరమ్మతుల షట్‌డౌన్ పని అయిపోగానే, నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, నన్ను ఎడారిలో ఉన్న తన ఒంటెల మందకు నీళ్ల ట్యాంకర్ తోలమన్నాడు. కువైట్ సరిహద్దుకు కాస్త ఇవతల ఉండేది ఆ మంద. కఫీల్‌ను నేను బాబా అనేవాణ్ని. మంద దగ్గరే గుడారం వేసుకుని బతికే ఆయన తండ్రిని పెద్ద బాబా అనేవాణ్ని. ముసలాయనకు పళ్లు సగం ఊడాయి గానీ, చూపు మాత్రం గద్ద చూపే.

తండ్రీకొడుకులిద్దరికీ వేటంటే పిచ్చి. ఇద్దరివీ ఒకే రకం రైఫిళ్లు. తేడా అంతా తూటాల్లోనే. కొడుకు అందరూ వాడే తేలిక తూటాలు కొనేవాడు. తండ్రి అదే సైజులో, ముందుండే సీసం బాగా పొడుగ్గా, బరువుగా ఉండేవి ఎక్కడెక్కడో అడిగి తెప్పించుకునేవాడు.

"మా నాన్న తూటా దారిలో కాఫీ తాగి గానీ చేరదు," అని కొడుకు ఎగతాళి చేసేవాడు. నిజమే, అది నెమ్మది. దూరం పోయేకొద్దీ కిందికి దిగిపోతుంది. భుజాన్ని గుద్దే గుద్దు కూడా మామూలుది కాదు. ఒకసారి నేనూ సరదాపడి కాల్చాను. సరదా తీరింది. కొన్నాళ్లు కుడిచెయ్యి పైకి లేవక చొక్కా తొడుక్కోవడానికే ఆపసోపాలు పడ్డాను.

ఇంత గోస ఎందుకని అడిగితే, పెద్ద బాబా ఖర్జూరాల అట్టపెట్టెను దూరంగా పెట్టి కాల్చి, పడ్డ చిల్లు చూపించాడు.

"గుండ్రంగా ఉందా? ఇంత పొడుగు తూటా అన్ని తుపాకులకూ పడదు. పడకపోతే దారిలో పల్టీ కొట్టి అడ్డంగా తగులుతుంది, చిల్లు పొడుగ్గా పడుతుంది. నా తుపాకీకి పడింది. తేలిక తూటా చురుకైనదే. కానీ గాలి ఎటు పొమ్మంటే అటు పోతుంది. ఇది అంత తేలిగ్గా గాలి మాట వినదు."

ఆడపిల్లకు సంబంధం చూసినట్టు తుపాకీకి తూటాను చూసిన మనిషి! పైకి నవ్వాను గానీ, లోపల ఆయన మీద గౌరవం పెరిగింది.

యుద్ధంలో పేలకుండా మిగిలిన బాంబులు ఆ చుట్టుపక్కల ఇసుకలో ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. మిలిటరీ వాళ్లు ఒకచోట ముళ్లతీగ కట్టి, లోపలికి పోవద్దన్నారు. గాలికి ఇసుక మేట వేసి ఆ తీగ ఒక దగ్గర పూడిపోయింది. పెద్ద బాబా ప్రాణంగా చూసుకునే పాలొంటె ఒక మధ్యాహ్నం ఆ మేట మీదుగా లోపలికి నడిచింది.

చప్పుడు విని ముగ్గురం బండిలో వెళ్లాం. ముందుకాళ్లు రెండూ పోయాయి. ప్రాణం పోలేదు. చాలా దూరంలో ఇసుక మీద పడి పొర్లుతూ అరుస్తోంది. 

కొడుకు తుపాకీ తీసి కాల్చాడు. ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతోంది. మొదటి తూటా పక్కకు పోయింది. రెండోది మూపును గీరుకుంటూ పోయింది. అరుపు ఇంకా పెద్దదైంది. కొడుకు తుపాకీ సీట్లో పడేసి కత్తి అందుకున్నాడు.

"దాని అడుగుల్లో అడుగేసుకుంటూ పోయి కోసేస్తాను. ఈ నరకం నేను చూడలేను."

పెద్ద బాబా అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఒంటెలు నాకు ఇంకా ఉన్నాయి. కొడుకువి నువ్వొక్కడివే. ఒక్క దెబ్బ నన్ను కొట్టనివ్వు. తప్పితే నీ ఇష్టం."

కొడుకు కత్తి వదల్లేదు, తీగ పక్కనే నిలబడ్డాడు. దెబ్బ తప్పితే అతను లోపలికి పోతాడు, అది ఖాయం.

ముసలాయన మాత్రం తుపాకీ ఎత్తలేదు. నన్ను పిలిచి, తీగకు ఇవతల మా బండి జాడ వెంట, ఒంటె ఉన్నంత దూరంలో ఖాళీ నూనె డబ్బా పెట్టి రమ్మన్నాడు. ముందు దాని మీద కొట్టి చూసుకుంటాడట, డబ్బా వైపు గురిపెట్టినా గాలి అదే చెంపకు తగలాలట! నాకు ఒళ్లు మండింది.

"పెద్ద బాబా, జల్ది కొట్టుండ్రి, సూడలేకపోతున్న!" అని అరిచాను. తెలుగులో అరిచానని తర్వాత గానీ తోచలేదు. ఆలస్యం అమృతం విషం అని నేను, నిదానమే ప్రధానమని ఆయన. బండి తీసి, డబ్బా పెట్టి వచ్చాను.

మొదటి తూటా డబ్బా ముందు ఇసుక లేపింది. కిందికి ఎంత దిగిందో చూసుకున్నాడు. రెండో తూటాకు డబ్బా ఎగిరి పడింది. అంత గాలిలో! ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది.

అప్పుడు ఒంటె వైపు తిరిగి పడుకున్నాడు. కానీ దాని తల కిందికి వాలి, ఇసుక దిబ్బ చాటున ఉంది. పెద్ద బాబా తుపాకీ మీంచి తల ఎత్తాడు. తర్వాత నోరు తెరిచి సాగదీస్తూ ఒక కూత వేశాడు. రోజూ పాలు పిండే వేళ దాన్ని పిలిచే కూత అది.

ఒంటె అరుపు ఆపింది. అంత బాధలోనూ మెడ నిలువునా ఎత్తి, ఆయన ఎక్కడున్నాడో అని వెతికింది.

తుపాకీ పేలింది. మెడ మెల్లగా వాలిపోయింది. తర్వాత కదలిక లేదు.

కొడుకు కత్తి కింద పెట్టి, తండ్రి దగ్గర కూర్చుని ఆయన నుదుటిని ముద్దు పెట్టుకున్నాడు. నేను పక్కకు తిరిగి ఏడ్చాను.

ఆ తర్వాత చాలాకాలం నేను ఆ మంద దగ్గరే పనిచేశాను. అలాంటి గురి మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. ముసలాయన నోట ఆ కూత కూడా మళ్లీ వినలేదు. పాలు పిండే వేళ ఏ ఒంటెనూ పిలిచేవాడు కాదు. గిన్నె పట్టుకుని, ఎంత దూరంలో ఉన్నా, ఒక్కోదాని దగ్గరికీ తానే నడిచి వెళ్లేవాడు.