కనకలత చేసిన నాలుగు మూతలు

ఆదినారాయణ ఏలూరు హైస్కూల్లో చరిత్ర మాస్టారు. ఈజిప్టు పాఠం వచ్చిందంటే పిల్లలు ఆవలించేవారు. మమ్మీని చేసేటప్పుడు కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు తీసి, ఆరబెట్టి, నాలుగు జాడీల్లో దాచేవారని ఎంత చెప్పినా వాళ్ల కళ్లకు కట్టేది కాదు. ఒకరోజు భోజనాల దగ్గర ఆ మాటంటే, భార్య కనకలత లేచి వెళ్లి ఊరగాయ జాడీలు ఖాళీ చేసింది. కాగితపు గుజ్జులో మెంతిపిండి కలిపి మూతలు చేసింది. మనిషి తల, కోతి తల, నక్క తల, డేగ తల. కోతికి హెడ్మాస్టరు పోలికలొచ్చాయి. క్లాసంతా పడీపడీ నవ్వుతుంటే ఆయనే లోపలికొచ్చి, మూత అటూ ఇటూ తిప్పి చూసి, "ముక్కు మాత్రం నాదేనండీ" అన్నారు.

కనకలత పోయాక ఆదినారాయణ ఐర్లాండ్‌లోని మెయ్‌నూత్ ఊళ్లో ఉంటున్న కూతురి దగ్గరికి వచ్చేశారు. మధులిక వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఓ ఆదివారం తండ్రిని డబ్లిన్ మ్యూజియానికి తీసుకెళ్లింది. అన్నేళ్లు పాఠం చెప్పిన మనిషి అసలు జాడీలను చూడటం అదే మొదటిసారి. అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడిపోయారు.

"అమ్మ చేసిన డేగే బాగుంది," అన్నారు చివరికి.

"ఏ డేగ నాన్నా?"

బెంచీ మీద కూర్చుని అంతా చెప్పారు. మధులిక నవ్వింది. "నాకెప్పుడూ చెప్పలేదేంటి? ఆ మూతలేవీ మరి?"

"స్టాఫ్‌రూమ్ కురిసి నానిపోయాయమ్మా. అమ్మ జాడీలు కడిగి మళ్లీ ఆవకాయ పెట్టింది."

ఇంటికి రాగానే మధులిక పాత పేపర్లు బకెట్లో నానబెట్టింది. మర్నాడు సాయంత్రం ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. ఆయన చేసిన నక్క కుక్కపిల్లలా తయారైంది.

"మరి గుండె ఏ జాడీలో పెట్టేవారు?" అడిగింది.

"గుండె తీసేవారు కాదు. మనిషిలోనే ఉంచేసేవారు."

ఆమె తలూపి, బొటనవేలితో డేగ ముక్కు ఒత్తుతూ నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుంది. పని చేసేటప్పుడు కనకలత అలాగే పెట్టుకునేది. ఆదినారాయణ టీ పెడతానని లేచి, కాసేపు పొయ్యి వైపే తిరిగి నిలబడ్డారు.

బయట వాన. మూతలు ఎండే దారి లేదు. మధులిక వాటిని వేడినీళ్ల ట్యాంకుండే హాట్ ప్రెస్ అల్మరాలో, తువ్వాళ్ల పక్కన సర్దింది. వారం తిరిగాక ఆదినారాయణ ఆ ఊరి లైబ్రరీలో పిల్లలకు ఈజిప్టు పాఠం చెప్పారు. ఇంగ్లిష్ మధ్యమధ్య తడబడింది. ఎవరూ ఆవలించలేదు. కుక్కపిల్ల మూతనైతే పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు.