జాడీ పగలగొట్టించే అబుందియో

చుంబిపాత ఊళ్ళో అబుందియో గారికి ఒకటే పిచ్చి. కొత్తగా ఏది పెట్టినా దానికి ప్రారంభోత్సవం జరగాల్సిందే. పురపాలక సంఘంలో ఆర్థికాభివృద్ధి అధికారిగా ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషి. చెప్పులు కుట్టే ముసలాయన కొత్త పీట కొనుక్కున్నా సరే, జాడీకి రిబ్బన్లు చుట్టి, నిండా మొక్కజొన్న కల్లు పోయించి, గుమ్మానికి వేలాడదీసేవారు.

అంతవరకూ బాగానే ఉండేది. సుత్తితో ఆ జాడీ పగలగొట్టి, కొట్టుకు అండగా నిలిచే జ్ఞానతండ్రో జ్ఞానతల్లో అయ్యేదెవరో కూడా ఆయనే తేల్చేవారు. తంటా అంతా అక్కడే. మంగలి సెవెరో కొట్టుకు ఎదురుకొట్టు మంగలిని పిలిచారు. మాంసం కొట్టుకేమో, దాని మీద మూడుసార్లు ఫిర్యాదు పెట్టిన పక్కింటాయన్ని పిలిచారు. ఏరికోరినట్టు పడనివాళ్ళనే తెచ్చేవారు. మనిషి మంచివాడే, ఎవరికెవరు పడరో గుర్తుండదు పాపం అని ఊరు సర్దుకుపోయింది.

నలభై ఏళ్ళుగా రొట్టెలు కాలుస్తున్న సతుర్నీనా మాత్రం సర్దుకోలేదు. ఆమె వీధిలోనే, ఏడు గడపల అవతల, నెలిదా అనే చిన్న వయసు విధవ కొత్తగా రొట్టెల బట్టీ పెట్టింది. దానికి జ్ఞానతల్లి ఎవరయ్యా అంటే సతుర్నీనాయేనట.

"నా కడుపు కొట్టేదానికి నేను సుత్తి పట్టాలా?" అని నిలదీసింది.

"అంత చెయ్యి బలం ఈ ఊళ్ళో ఇంకెవరికుందమ్మా?" అన్నారు అబుందియో గారు.

ఆ పొగడ్తకు పడిపోయింది. ఒక్క దెబ్బకు జాడీ పగిలి, పక్కనున్న మేయరు బూట్లదాకా కల్లుతో తడిసిపోయాడు. ఆనవాయితీ ప్రకారం ఒక పిండి బస్తా కూడా కానుకిచ్చింది, పళ్ళు నూరుతూనే. ఇక అప్పట్నుంచి ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకోవాలి. ఒకరి కొట్టు గురించి ఇంకొకరు చెడు పలకకూడదు, కష్టమొస్తే కాదనకూడదు. సతుర్నీనాకు నోరు కట్టేసినట్టయింది. "ఆ నెలిదా రొట్టె ఉందే..." అని మొదలుపెట్టి, అందరూ చెవులు రిక్కించేసరికి, "గుండ్రంగా ఉంటుంది" అని ముగించేది.

అలా రెండేళ్ళు గడిచాయి. పెద్దల పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా సతుర్నీనా బట్టీ కప్పు కూలింది. పసిబిడ్డ ఆకారపు రొట్టెలు తొమ్మిది వందలు చేసిస్తానని ఒప్పుకుని ఉంది. అవి అందకపోతే నలభై ఏళ్ళ పేరు పోవడం ఒక ఎత్తు, ఆ పండుగకు ఇళ్ళకొచ్చే చనిపోయిన పెద్దలు ఆ రొట్టెలు లేక ఆకలితో వెనక్కి వెళ్ళడం ఇంకో ఎత్తు. ఇటుకల మధ్య చతికిలబడింది.

నెలిదా జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటూ వచ్చింది. "లే వదినా. నా బట్టీ వేడెక్కింది, పిండి ఎత్తించు."

"మరి నీ రొట్టెలో?"

"పొద్దున నీవి, మధ్యాహ్నం నావి. జ్ఞానతల్లిని ఇలా కూర్చోబెడితే ఊళ్ళో నేను తలెత్తుకోవాలా వద్దా?"

పిండి తొట్లు మోయడానికి మంగళ్ళిద్దరూ వచ్చారు. బండి ఎవరిదంటే మాంసం కొట్టువాడిది, తోలింది ఫిర్యాదుల పక్కింటాయన. పండుగ పొద్దుటికి తొమ్మిది వందలూ ఇంటింటికీ చేరాయి. పక్క ఊరివాళ్ళు వచ్చి వాసన చూసి, మాకూ చేస్తారా అని అడిగి వెళ్ళారు.

ఆ బండి వీధి మలుపు తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డ సతుర్నీనాకు అప్పుడు వెలిగింది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో ఒక్క కొట్టూ మూతపడలేదు. నెలిదాను వెంటబెట్టుకుని తిన్నగా ఆఫీసుకెళ్ళింది.

"అయితే మీకు మతిమరుపు లేదన్నమాట."

అబుందియో గారు చెవులు ఎర్రబడేలా నవ్వారు. "ఊరిని అభివృద్ధి చెయ్యమని మా శాఖకు ఒక బల్లా, ఒక సుత్తీ ఇచ్చారమ్మా. ఉన్నదాంతో చేశాను."

సతుర్నీనా బల్ల మీద తట్టి చూసింది. "దీనికి ప్రారంభోత్సవం అయిందా? మీ కాగితాల మీద సంతకం పెట్టని కోశాధికారికీ మీకూ పడదని విన్నానే."

ఆయన ముఖం పాలిపోయింది. "ఆయన మాత్రం వద్దమ్మా."

అప్పటికే నెలిదా మెట్లెక్కి, పై అంతస్తులో కోశాధికారి తలుపు కొడుతోంది.