రెక్కల గుర్రం మీది నల్లపిల్ల

మా లైబ్రరీ టీచర్ పోయిన మంగళవారం జహీరాబాద్‌లో చనిపోయారు. కబురు తెలిసిన గంటలోనే మా పాత బడివాళ్లు వాట్సాప్‌లో ‘పిల్లలందరికీ అమ్మ’ అని రాసుకున్నారు. చదివి నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మను బడి నుంచి వెళ్లగొట్టింది వాళ్లే.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆమె వారానికోసారి ఒక మాయల కథ చదివి వినిపించేవారు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన కథ. రెక్కల గుర్రమెక్కి రాక్షసుల మీదికి పోయే ఒక పిల్ల రాణి అందులో ఉండేది. అట్ట మీద ఆమెది తెల్లతోలు, బంగారు రంగు జుట్టు. భయపెట్టే చోటు వస్తే టీచర్ గొంతు తగ్గించేవారు, మేమంతా ముందుకు జరిగేవాళ్లం. కథ అయిపోయాక ఆ రాణిని లైబ్రరీ గోడ మీద తానే వేశారు. నల్లగా, నూనె పెట్టిన రెండు జడలతో. అచ్చం నాలాగే.

నేను సంతోషపడ్డానని రాస్తే అబద్ధం. “రాక్షసే గుర్రమెక్కింది” అని క్లాసంతా నన్ను ఏడిపించింది. నేరుగా ఆమె దగ్గరికే వెళ్లాను.

“టీచర్, ఆమెను తెల్లగ చెయ్యుండ్రి. నాకు బడికి రాబుద్ధి అయితలేదు.”

“నువ్వు గూడ గదే అంటున్నవా?” అన్నారు, కోపంగానే. ఆ కోపం నా మీద కాదని తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది.

తర్వాత కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. బడి నడిపే కరస్పాండెంట్ ఆమెను మా ముందే, ఆ గోడ దగ్గరే నిలదీశాడు.

“రాణి గిట్ల ఉంటదా? పుస్తకంల ఎట్లుంటే అట్లనే వెయ్యాలె గద. పిల్లలు జడుసుకుంటున్రు.”

“గుర్రానికి రెక్కలుంటయంటే నమ్మిన్రు. దాని మీద నల్లపిల్ల కూసుంటదంటే నమ్మరా సార్?”

మర్నాడు బోర్డులు రాసే పెయింటర్ వచ్చి రాణి ముఖానికి గులాబీ రంగు పూశాడు. నెల తిరక్కముందే టీచర్‌ను రావద్దన్నారు.

ఆమె కథలు మానలేదు. మొగుడంపల్లి వైపు అద్దె గదిలో ఆదివారాలు చదివేవారు. ఏడాది తర్వాత సిగ్గుపడుతూ నేనూ వెళ్లాను. “వచ్చినవా? కూసో,” అన్నారంతే. “రాసినోళ్లు ఒక రంగు అనుకున్నరు. సదివేటోళ్లు ఇంకో రంగు అనుకుంటే కథకేం నష్టం?” అని ఆమె అన్నది ఆ గదిలోనే విన్నాను. అద్దం ముందు నిలబడడం నాకు ఆ తర్వాతే అలవాటైంది.

నిన్న బడిలో సంతాప సభ పెట్టారు. టీచర్ నాకంటే నలుపు. వేదిక మీది ఫ్లెక్సీలో మాత్రం ఆమె ముఖం పాలలో కడిగినట్టు మెరుస్తోంది.

“ఎవరు సార్ ఈమె?” అని కరస్పాండెంట్‌ను అడిగాను.

“మీ టీచరే గదమ్మా. మంచిగ కనబడాలని స్టూడియోల జర తెల్లగ చేపిచ్చినం.”

“సచ్చిపోయినంక గూడ ఇడువరా?” అన్నాను. ముందు వరుసలో కొందరు వెనక్కి తిరిగారు. ఆయన మైకు వైపు నడిచాడు.

మొదటి దండ వేయమని టీచర్ చెల్లెలిని పిలిచారు. ఆమె చామంతి దండ తీసుకుని ఫ్లెక్సీ ముందుకు వెళ్లి, చాలాసేపు చూసింది.

“గీమె మా అక్క కాదు,” అంది.

దండను గుండెకు అదుముకుని మెట్లు దిగింది. అంతమంది చూస్తుండగా, ఎండలో, లారీల రోడ్డు మీదికి నడిచిపోయింది.