కొమ్ము ముందు చింతకాయ

మా చేనేత వీధి ఫుట్‌బాల్ జట్టుకు నేను గోల్‌కీపర్ని. మైదుకూరు దారిలో ఉన్న మా ఊళ్లో ప్రతి చలికాలం హైస్కూలు మైదానంలో పోటీలు పెడతారు. మా వాళ్లు జాతరలో కొన్న ప్లాస్టిక్ బూరలు ఊదుతారు. బజారు జట్టు తరఫున మాత్రం ఒక చీరల షావుకారు పెద్ద ఇత్తడి కొమ్ము పట్టుకుని ఎదుటి జట్టు గోల్ వెనక నిలబడతాడు. గోల్ పడగానే శవం ముందు ఊదినట్టు ఊదుతాడు. అంటే ఆ కీపరు చచ్చినట్టు లెక్క. అందరూ నవ్వాలి, అది ఆనవాయితీ. వేరే కీపర్లకు ఊదినప్పుడు నేనూ నవ్వినవాణ్ణే.

మా నాయన బతికినన్నాళ్లూ ఆ షావుకారుకే నేశాడు. ఆయన పోయిన రోజు కొమ్ము ఊదేవాళ్లు ఎవరూ దొరకలేదు. ఇంట్లో కొమ్ము పెట్టుకున్న షావుకారు పూలదండ వేసి, పాడె వెంట నాలుగడుగులు నడిచి వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే పోటీలు వచ్చాయి. బజారు జట్టుతో మొదటి ఆటలోనే బంతి నా చేతుల్లోంచి జారి గోల్లో పడింది. షావుకారు వల దగ్గరికొచ్చి, ఊపిరి అయిపోయేదాకా ఊదాడు. తర్వాత నావైపు వంగి, “ఏమప్పా, మీ నాయనకు కొమ్ము ల్యాకుండా పాయ గదా. ఆ కొరత ఇప్పుడు తీర్చినాలే” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. ఆమె మగ్గానికి కండెలు చుడుతోంది. చెయ్యి ఆగలేదు.

“మళ్లా ఏడు రానీలే” అంది.

ఆ ఏడాదంతా వాణ్ణి తిట్టుకోకుండా నేను ముద్ద మింగలేదు. తర్కం, దయ, పెద్దమనిషి తరహా అన్నీ నాకూ తెలుసు. అవేవీ నాకు వద్దు.

పెళ్లిళ్లలో సన్నాయి ఊదేవాళ్ల ముందు చింతకాయ కొరికి, వాళ్ల నోట్లో నీళ్లూరించి, తన్నులు తినని పిల్లలు మా వీధిలో లేరు. నోరు ఊరితే పెదవి నిలవదు, పాట పలకదు. అమ్మకు అది గుర్తుంది. మరుసటి చలికాలం బజారు జట్టుతో మా ఆట రోజు, పచ్చి చింతకాయలు ఉప్పూకారం అద్ది గిన్నె నిండా మైదానానికి తెచ్చింది. వెంట మా వీధి ఆడవాళ్లంతా వచ్చారు. ఆటకు వీపు తిప్పి, షావుకారు ఎదురుగా కూర్చున్నారు.

“ఏమ్మా, ఆట ఆ పక్క జరుగుతాంది” అన్నాడాయన.

“మేం నిన్ను చూడనీకె వచ్చినాం షావుకారప్పా” అని అమ్మ చింతకాయ కొరికింది. అందరూ చప్పరించడం మొదలుపెట్టారు. ఆయన గుటకలు మింగడం నాకు గోల్లోంచి కనిపిస్తూనే ఉంది.

కానీ గోల్ పడితే కదా ఆయన కొమ్ము ఎత్తేది. ఆ రోజు నేను ఎప్పుడూ ఆడనంత బాగా ఆడుతున్నాను. ఏ బంతీ లోపలికి పోవడం లేదు. గిన్నెలో కాయలు అయిపోవస్తున్నాయి. ఆట ముగింపుకొచ్చింది.

అప్పుడు ఒక బంతి నేలమీద దొర్లుకుంటూ మెల్లగా వచ్చింది. నేను వంగాను. మోకాళ్లు ఎడం చేశాను. బంతి వాటి మధ్యనుంచి వెళ్లిపోయింది.

షావుకారు కొమ్ము ఎత్తాడు. తుస్సుమని గాలి వచ్చింది. ఇంకోసారి ఊదాడు, గడ్డం మీదుగా ఉమ్మి కారి తెల్లచొక్కా మీద పడింది. మైదానమంతా నవ్వింది, ఆయన జట్టు కూడా. నాయన పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

ఆ ఒక్క గోల్‌తో మేం ఓడిపోయాం. కాలు జారిందని మా జట్టుకు చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ గిన్నె కడగబోతూ ఆగింది.

“ఆ బంతి నీకు అందేదే గదరా.”

“అందేదే మా.”

అడుగున మిగిలిన ఒక కాయను నా చేతిలో పెట్టి, “తిను” అంది.