దర్జీగారి చైను జారే వేళ

రాజ్యాలు కూలిన తేదీలను చరిత్రకారులు శ్రద్ధగా రాసుకున్నారు గానీ, దర్జీగారి సైకిలు చైను జారిన ఆదివారాలను ఒక్కరూ నమోదు చేయలేదు. తీరని లోటు. ఆదివారం పొద్దున సరిగ్గా ఏడింటికి, నీళ్ల ట్యాంకు వైపు వెళ్లే ఎత్తురోడ్డు సగంలో, సిమెంటు బల్ల దగ్గర అది జారేది. సూర్యుడు మబ్బు సాకు చెప్పి ఆలస్యంగా వచ్చిన రోజులున్నాయి. చైను మాత్రం వేళ తప్పి ఎరగదు.

ఈ మహత్తర ఘట్టం వల్ల ఎక్కువ లాభపడింది డ్రాయింగు టీచరు. ఊపిరితిత్తుల జబ్బు నుంచి లేచాక, డాక్టరు మాట మీద, ఆదివారాలు సైకిళ్లు తొక్కే ఈ ఆరుగురి జట్టులో చేరింది. చైను జారితే అందరూ ఆగేవారు. ఆమె వెనక నుంచి వచ్చి బల్ల మీద కూలబడి, ఆగింది తన కోసం కాదు కదా అన్న ధీమాతో ఊపిరి తీసుకునేది.

జట్టుకు ముందుండేది సైకిలు మెకానిక్కు. కాళ్లలో ఎంత వేగమో, ముక్కు మీద అంత కోపం. కిందటి వారం ఎత్తు మీద నుంచి కేకేశాడు: "టీచరమ్మా, మధ్యాహ్నం భోజనానికైనా అందుకుంటారా?"

అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. ఈ ఆదివారం బయల్దేరేముందు మాత్రం దర్జీతో మెల్లగా అంది: "బాబాయ్, ఇవాళ నావల్ల మీరంతా ఆగాల్సొస్తే, ఇక రాను. సైకిలు తమ్ముడికి ఇచ్చేస్తా."

ఏడయింది. చైను జారింది.

మెకానిక్కు ఎత్తు మీద నుంచి సుడిగాలిలా దిగొచ్చాడు. "మొన్న నా చేత్తో వేసిన కొత్త చైను! జారడమేంటి మాస్టారూ? నా కొట్టు పరువు తీద్దామనా?"

"నాకేం తెలుసయ్యా, బట్టలు కుట్టుకునేవాణ్ణి."

"జరగండి, చూడనివ్వండి."

గొంతుక్కూర్చుని చూశాడు. తల ఎత్తితే, అప్పుడే చేరిన టీచరు, పాలిపోయిన ముఖంతో బల్ల అంచు పట్టుకుని ఉంది. మళ్లీ చైను వైపు చూశాడు, చాలాసేపు.

"నాదే తప్పు. లింకు సరిగా నొక్కలేదు. పావుగంట పడుతుంది, అందరూ కూర్చోండి."

ముప్పయ్యేళ్ల కొట్టు చరిత్రలో ఆయన నోట "నాదే తప్పు" అన్న మాట విన్నవాడు లేడు. దర్జీ సూది గుచ్చుకున్నట్టు ఉలిక్కిపడి, వెంటనే సర్దుకుని, బుద్ధిగా సైకిలు సీటు పట్టుకుని కూర్చున్నాడు.

పావుగంటకు టీచరు ఊపిరి కుదుటపడింది. ఇస్త్రీ మడత విప్పని తెల్ల రుమాలు తీసిచ్చింది.

"పాపం, చేతులు పాడైపోయుంటాయి. తుడుచుకోండి బాబాయ్. మీరూ, అన్నయ్యా."

ఇద్దరూ ఎంతో గంభీరంగా తుడుచుకున్నారు.

"మీరు ముందు పదండి టీచరమ్మా," అన్నాడు మెకానిక్కు. "ఈ చైను మీద నాకు నమ్మకం లేదు. మీ వెనకే నెమ్మదిగా వస్తాం."

ఆమె ముందు, అయిదుగురూ వెనక. ట్యాంకు దగ్గర దిగి, ముఖం తుడుచుకుందామని రుమాలు విప్పింది. అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ జాగ్రత్తగా మడతపెట్టింది.

"వచ్చే వారం కూడా ఇదే వేళకేగా, అన్నయ్యా?"

"అంతే. కాకపోతే చైను మళ్లీ జారొచ్చు, చెప్పలేం."

రుమాలు మీద ఒక్క నూనె మరక కూడా లేదు.